కింద కంపెనీ బ్లాకు, పైన వీటెక్ హెడ్, పక్కన చిన్న టర్బో: బెంగళూరులో కట్టుకునే పద్ధతి

ఇక్కడ హైబ్రిడ్ అంటే బ్యాటరీ, కరెంటు మోటారు ఉన్న బండి కాదు. హోండా ఇంజన్లతో పనిచేసేవాళ్లు ఆ మాటను ఇంకో అర్థంలో వాడతారు. ఒక ఇంజన్ బ్లాకు మీద అదే కుటుంబంలోని వేరే ఇంజన్ హెడ్ కూర్చోబెడితే దాన్ని హైబ్రిడ్ అంటారు. 1998లో మన దేశానికి వచ్చిన మొదటి తరం హోండా సిటీ ఈ పనికి బాగా పనికొస్తుంది. దాని మామూలు 1.5 లీటర్ల ఇంజనూ, 2000లో వచ్చిన వీటెక్ (ఆర్‌పీఎం పెరిగాక వాల్వులను ఎక్కువ తెరిచే హోండా పద్ధతి) ఇంజనూ రెండూ డి సిరీస్ అనే ఒకే కుటుంబానివే. రెండింటికీ బోర్ 75 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 84.5, మొత్తం 1493 సీసీ. మామూలు దానికి 100 హార్స్‌పవర్, వీటెక్‌కి 106.

మనం చేయబోయేది ఇదీ: మామూలు 1.5 బ్లాకు లోపల క్రాంకు, కాన్‌రాడ్లు, పిస్టన్లు కంపెనీ బిగించినవి బిగించినట్టే ఉంచుతాం. పైన వీటెక్ హెడ్ వేస్తాం. పక్కన చిన్న టర్బో, అంటే పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నొక్కే పంపు, పెడతాం. బ్లాకు, దాని లోపలి భాగాలే బాటమ్; అందుకే షెడ్లలో దీన్ని స్టాక్ బాటమ్ బిల్డ్ అంటారు. ఖర్చు తక్కువ కాబట్టి కుర్రాళ్లందరికీ దీని మీదే మనసు. కాకపోతే బాటమ్ విప్పట్లేదు కాబట్టి దాని ఓపిక ఎంతవరకో ముందే తెలుసుకుని, మిగతావన్నీ ఆ గీతకు లోపలే అమర్చాలి. నేను ఆ గీతను బూస్ట్ (టర్బో నొక్కే అదనపు గాలి ఒత్తిడి) గేజ్‌లో వెతికాను. అది అక్కడ ఉండదని ఒక ఇంజన్ పోయాకే తెలిసింది.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర మాట్లాడటానికి మీకు మాట ఉండదు. అందుకే దీన్ని ట్రాక్ బండిగానే కట్టండి. ట్రైలర్ మీద ఎక్కించి శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లండి. హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా ఒక పూట ప్రయాణం.

బ్లాకును ముందు పరీక్షించండి

విప్పని ఇంజన్‌ను నమ్మాలంటే దాన్ని బయటినుంచే చదవాలి. ఇంజన్ బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ నేల దాకా తొక్కి కంప్రెషన్ చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి, అదే ఇంజన్‌కు ఇక్కడ గేజ్ చెన్నైలో కంటే దాదాపు పదో వంతు తక్కువ చూపిస్తుంది. 165 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే యూనిట్) వచ్చిందని బెంగపడకండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా చూడండి. అన్నిటికంటే ఎక్కువదానికీ అన్నిటికంటే తక్కువదానికీ మధ్య తేడా పది శాతం దాటితే ఆ బ్లాకు టర్బోకు పనికిరాదు.

తర్వాత లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, అది ఎటు తప్పించుకుంటోందో చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లో చప్పుడు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు కారుతోంది. ఆయిల్ స్టిక్ గొట్టంలో బుస్సుమంటే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్. వాల్వులు, గ్యాస్కెట్ ఎలాగూ మార్చేవే కాబట్టి పర్వాలేదు. రింగుల నుంచి వచ్చే చప్పుడును మాత్రం క్షమించకండి.

బేరింగుల సంగతి పాత ఆయిల్ ఫిల్టర్ చెప్తుంది. దాన్ని హాక్సాతో కోస్తే రంపపు పొడి లోపల పడి మిమ్మల్నే తప్పుదారి పట్టిస్తుంది. ఫిల్టర్ కట్టర్‌తో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, పెట్రోలులో జాడించి, ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూడండి. నల్లటి మసి ఉంటే మామూలే. బూడిద రంగు మెరుపో, రాగి రంగు మెరుపో కనిపిస్తే షెల్స్ (బేరింగు పలకలు) అరిగిపోతున్నట్టు. వేడి ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి 3000 ఆర్‌పీఎం దగ్గర 50 పీఎస్ఐకి తగ్గకూడదు. నేను కలాసిపాళ్యలో కొన్న చిన్న మెకానికల్ గేజ్‌ను ఆయిల్ స్విచ్ స్థానంలో బిగించి చూస్తాను. డ్యాష్‌బోర్డులో వెలిగే ఎర్రదీపాన్ని నమ్ముకుని ఈ పని చేయకండి.

హెడ్ మార్చడం

వీటెక్ హెడ్ శివాజీనగర్ గుజరీలో (పాత సామాను బజారులో) దొరకవచ్చు, లేదా చెన్నై పుదుపేటలో. డిస్ట్రిబ్యూటర్, వీటెక్ సోలినాయిడ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అన్నీ కలిపి ఒకే ఇంజన్‌వి కొనండి. విడివిడిగా ఏరుకుంటే వారం రోజులు తిరగాలి.

బి సిరీస్‌లో ఇలాంటి పనికి హెడ్‌కు బయటినుంచి ఆయిల్ గొట్టం వేస్తారు. డి సిరీస్‌లో బ్లాకులోంచే ఆయిల్ పైకి వస్తుంది కాబట్టి ఆ తలనొప్పి సాధారణంగా ఉండదు. అయినా నమ్మకం మీద బిగించకండి. కొత్త గ్యాస్కెట్‌ను ముందు హెడ్ మీద, తర్వాత బ్లాకు మీద పరిచి, టార్చి వేసి ప్రతి రంధ్రాన్నీ చూడండి. ఆయిల్ రంధ్రం, నీటి రంధ్రాలు, డోవెల్ పిన్నులు, ఏ ఒక్కటి మూసుకుపోయినా అక్కడే ఆగండి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య జాగా. పిస్టన్ ఒక ఇంజన్‌ది, వాల్వు ఇంకో ఇంజన్‌ది. అవి తగులుకోకుండా కంపెనీవాళ్లు ఎవరూ చూసి పెట్టలేదు, మీరే చూడాలి. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి పిస్టన్ మీద వాల్వు దిగే చోట వేలెడు మందాన అద్దండి. వాల్వు ముఖానికి కొబ్బరి నూనె రాయండి, లేకపోతే మట్టి దానికే అంటుకుని లేచి వస్తుంది. పాత, నలిగిన గ్యాస్కెట్ వేసి హెడ్ బిగించి, బెల్టు వేసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఈ హోండాలు పుల్లీ వైపునుంచి చూస్తే ఎడమకు, అంటే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. ఇది మర్చిపోయి కుడికి తిప్పినవాళ్లను చూశాను.

ఇక్కడే చాలామంది ఒకటి మర్చిపోతారు. ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు వీటెక్ రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) చిన్న లోబ్ (క్యామ్ మీది గుబ్బ) మీదే నడుస్తాయి. ఆ స్థితిలో జాగా చూసి సరిపోయిందనుకుంటే, బండి మొదటిసారి వీటెక్‌లోకి వెళ్లినప్పుడు వాల్వు పిస్టన్‌ను ముద్దాడుతుంది. ఇన్‌టేక్ రాకర్ల ఆయిల్ దారిలోకి కంప్రెసర్ గాలి ఇచ్చి, లోపలి పిన్నులు జరిగి మూడు రాకర్లూ ఒకటిగా కలిశాకే తిప్పండి. తర్వాత హెడ్ తీసి, మట్టిని బ్లేడుతో నిలువుగా కోసి, పలచగా ఉన్న చోట కొలవండి. ఇన్‌టేక్‌కు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 2.5 ఉండాలి.

కంప్రెషన్ నిష్పత్తి కొలవడం

రెండు ఇంజన్లు కలిస్తే నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందనేది, ఏ పుస్తకంలోనూ దొరకదు. నాకు దీన్ని నేర్పింది పీణ్యలో లేత్ షెడ్డు నడిపే మదనపల్లె పెద్దాయన. ఆయన హెడ్‌ను తిరగేసి మట్టంగా పెట్టి, ఛాంబర్ (హెడ్‌లో పెట్రోలు మండే గుంట) అంచుకు గ్రీజు రాసి, రంధ్రం ఉన్న అక్రిలిక్ ముక్క మూసి, బ్యూరెట్‌లోంచి కిరోసిన్ చుక్కచుక్కగా వదిలాడు. చివరి గాలి బుడగ రంధ్రం దగ్గరికి జరిగేవరకు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. “కళ్లకు తెలిసేది అర సీసీ లోపల ఉండాల, అప్పుడే అది కొలత” అన్నాడు.

కింది భాగానికి పిస్టన్‌ను సరిగ్గా 10 మిల్లీమీటర్లు దించి, అంచున గ్రీజు నింపి అలాగే పోయండి. 75 బోర్‌కు 10 మిల్లీమీటర్ల లోతంటే 44.2 సీసీ. దానికంటే ఎంత ఎక్కువ పట్టిందో అంత పిస్టన్ గుంట కింద లెక్క. ఉదాహరణకు ఛాంబర్ 33, గ్యాస్కెట్ 4.5, గుంట 6 వస్తే మొత్తం 43.5. ఒక్కో సిలిండర్ 373.3. రెండూ కలిపి 43.5తో భాగిస్తే 9.6.

ఇప్పుడు ఫేసింగ్, అంటే హెడ్ అడుగును లేత్ మీద చదును చేయడం సంగతి. లేత్ వాళ్లకు హెడ్ కనబడితే చెయ్యి ఊరుకోదు, నున్నగా రావాలని పావు మిల్లీమీటరు లాగేస్తారు. పైన లెక్కలో ఆ పావు మిల్లీమీటరు నిష్పత్తిని 9.8కి పెంచేస్తుంది. మామూలు ఇంజన్‌కు అది లాభం, టర్బోకు నష్టం. వంకర పోవడానికి ఎంత అవసరమో అంతే తీయమని దగ్గరుండి చెప్పండి. నేను 6 పీఎస్ఐ బూస్ట్‌కి 9.6 దగ్గర ఆగుతాను. దాటితే మందమైన స్టీలు గ్యాస్కెట్ వేస్తాను.

టర్బో ఏది?

గుజరీలో అడిగితే ముందు చూపించేది డీజిల్ టర్బో. చవక, కుప్పలుగా ఉంటాయి. తీసుకోకండి. డీజిల్ పొగ కంటే పెట్రోలు పొగ చాలా వేడి, లోడు మీద 900 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ టర్బోలో, ముఖ్యంగా లోపల కదిలే రెక్కలున్న రకంలో, ఆ వేడికి రెక్కలు బిగుసుకుపోతాయి. పెట్రోలు కారులోంచి తీసిన చిన్న టర్బో వెతకండి. మొదటి తరం ఆక్టావియా ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో ఇంజన్‌ది కేకేకే కే03. అది 150 హార్స్‌పవర్ కోసమే పుట్టింది, మన బాటమ్‌కు కావలసిందీ దాదాపు అంతే. మానిఫోల్డ్, ఫ్లాంజ్ వెల్డింగ్ చేయించుకోవాలి.

చిన్న టర్బోకు ఒక ప్రమాదం ఉంది. అది తొందరగా లేస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ టార్క్ వస్తే కాన్‌రాడ్ మీద నొక్కుడు పడి వంగుతుంది. డి సిరీస్ రాడ్లు సన్నవి. అందుకే వీటెక్ హెడ్ వేస్తున్నాం. పైన ఆర్‌పీఎంలో బాగా గాలి పీల్చే హెడ్ ఉంటే, తక్కువ బూస్ట్‌తోనే పైన పవర్ వస్తుంది, కింద రాడ్‌ను హింసించే పని ఉండదు. ఐదో గేరులో 2500 దగ్గర కాలు నేలకు నొక్కడం ఈ ఇంజన్‌కు అన్నిటికంటే పెద్ద శిక్ష. అలాగని పైన విచ్చలవిడిగా వదలకూడదు కూడా. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ రాడ్‌ను సాగదీసే బలం దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. నేను 6800 దగ్గర కట్ పెడతాను.

టర్బోకు కావలసిన ఆయిల్‌ను ఆయిల్ స్విచ్ దగ్గర టీ (మూడు దారుల జాయింటు) వేసి తీసుకోండి. తిరుగు గొట్టం లావుగా, ఎక్కడా వంపు లేకుండా, సంపులో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అక్కడ గొట్టం సన్నగా ఉంటే టర్బో సీలు పోయిందని పొరబడి టర్బోనే మార్చుకుంటారు. పీసీవీ గొట్టంలో (బ్లాకు లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే గొట్టంలో) బూస్ట్ వెనక్కి పోకుండా చెక్ వాల్వు, ఒక క్యాచ్ డబ్బా పెట్టండి. ఇంటర్‌కూలర్ బంపర్ వెనక పట్టేంత పెట్టండి చాలు.

పెట్రోలు, నిప్పు

లక్ష్యం 160 హార్స్‌పవర్ అనుకుందాం. ఇంజెక్టర్లను ఎనభై శాతం మించి తెరవకుండా లెక్కేస్తే ఒక్కోటి నిమిషానికి 315 సీసీ ఇవ్వాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. అందులో శక్తి తక్కువ కాబట్టి ఏడు శాతం ఎక్కువ పోయాలి. అంటే 340. నేను 440 వేస్తాను. బూస్ట్‌తో పాటు పెరిగే రెగ్యులేటరు, మంచి పంపు తప్పనిసరి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేయండి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లన, కాబట్టి 6 ఉంటే 7. గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. ఈసీయూకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటరుకు) మెగాస్క్వర్ట్ లాంటి స్టాండ్‌అలోన్ సరిపోతుంది, వీటెక్ సోలినాయిడ్‌ను నడపగలగాలి. మొదటి స్టార్ట్‌లోనే, ప్లగ్గు నిప్పు ఏ డిగ్రీ దగ్గర పడుతోందో చూపే టైమింగ్ లైట్ పట్టి, తెర మీద కనిపించే డిగ్రీ, పుల్లీ మీద కనిపించే డిగ్రీ ఒకటేనని తేల్చుకోండి. అది తప్పితే తర్వాత చేసిన ట్యూనింగ్ అంతా తప్పే.

గాలి, పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటరును లాంబ్డాలో (సమతూకానికి 1 చూపే కొలతలో) పెట్టుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సమతూకం 14.7 కాదు, దాదాపు 13.5. పాత అంకెలతో లెక్కలేస్తే తికమక పడతారు. లాంబ్డాలో అయితే ఏ పెట్రోలుకైనా 1 అంటే 1. బూస్ట్‌లో 0.78, 0.80 మధ్య ఉంచండి.

ట్యూనింగ్

నా మొదటి బండిని జనవరిలో బెంగళూరులో ట్యూన్ చేయించాను. బూస్ట్‌ను అదుపులో ఉంచే వేస్ట్‌గేట్‌లో 8 పీఎస్ఐ స్ప్రింగు. డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద పాట పాడినట్టు తిరిగింది. మూడు వారాల తర్వాత చెన్నై తీసుకెళ్లి, ట్రాక్ మీద నాలుగో ల్యాప్‌లో అద్దంలో నీలి పొగ చూశాను. షెడ్డుకొచ్చి లీక్‌డౌన్ పెడితే మూడో సిలిండర్ గాలి ఆయిల్ స్టిక్ గొట్టంలోంచి బుసకొట్టింది. హెడ్ తీసి, సంపు దించి పిస్టన్ బయటికి లాగితే, రెండు రింగుల మధ్య గట్టు చిన్న వక్కపలుకంత ముక్క విరిగి ఉంది. గేజ్ ఆ రోజు కూడా 8 మించలేదు.

కారణం గాలిలో ఉంది. వేస్ట్‌గేట్ స్ప్రింగు బయటి గాలికి పైన ఎంత అనేదే చూస్తుంది. బెంగళూరు గాలి ఒత్తిడి దాదాపు 91 కిలోపాస్కల్, చెన్నైది 101. 8 పీఎస్ఐ అంటే 55 కిలోపాస్కల్. అంటే ఇక్కడ ఇంజన్ లోపలికి 146 వెళ్తే, అక్కడ 156 వెళ్లింది. మ్యాపులో (ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలు, ఎంత టైమింగ్ అని చెప్పే పట్టికలో) 150 దాటిన వరుసలు బెంగళూరులో ఎప్పుడూ తగలలేదు కాబట్టి అవి నింపకుండా వదిలేసి ఉన్నాయి. నేను అడగలేదు. దానికి వేడి తోడైంది. 40 డిగ్రీల గాలిని సముద్రమట్టంలో 6 పీఎస్ఐకి నొక్కితేనే కంప్రెసర్ బయట దాదాపు 86 డిగ్రీలు వస్తుంది, 8కి ఇంకా ఎక్కువ. కంపెనీ రింగుల గ్యాప్ మామూలు ఇంజన్ వేడికి సరిపోయేలా పెట్టినది. వేడి మించితే రింగు కొసలు ఒకదానికొకటి తగిలి బిగుసుకుంటాయి, నాకింగ్ (పెట్రోలు సాఫీగా మండకుండా భగ్గున పేలడం) కూడా కలిస్తే గట్టు విరుగుతుంది. స్టాక్ బాటమ్ గీత ఇదీ: మొత్తం ఒత్తిడి, దానితో పాటు వేడి.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తాను. 6 పీఎస్ఐ అంటే 41 కిలోపాస్కల్. చెన్నైలో 142 అవుతుంది. బెంగళూరు డైనో మీద 7.5 పీఎస్ఐ స్ప్రింగు వేస్తే 91 మీద 52 కలిసి 143 వస్తుంది. అంటే చెన్నై వరుసలను ఇక్కడే నింపవచ్చు. వాటి పైన ఉన్న వరుసల్లో పెట్రోలు ఇంకా పెంచి, టైమింగ్ ఇంకా తగ్గించి, 150 దగ్గర ఫ్యూయల్ కట్ పెట్టండి. ఆ తర్వాత 6 స్ప్రింగు తిరిగి వేసేయండి. బూస్ట్ కంట్రోలర్ అసలు కొనకండి.

టైమింగ్ మొదట పీఎస్ఐకి ఒక డిగ్రీ చొప్పున తగ్గించి మొదలుపెట్టండి. లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే దానంతట అదే ఇంకొంచెం తగ్గేలా పట్టిక నింపండి. నాకింగ్ వినడానికి ఖరీదైన పెట్టె అక్కర్లేదు. జానెడు రాగి గొట్టం కొసను సుత్తితో చదును చేసి, రంధ్రం వేసి బ్లాకుకు బోల్టు బిగించండి. రెండో కొసకు రబ్బరు గొట్టం తొడిగి, ఫ్యాక్టరీల్లో పెట్టుకునే చెవి కప్పులకు కలపండి. 75 బోర్‌కు నాకింగ్ శబ్దం 7, 8 కిలోహెర్ట్జ్ మధ్య వస్తుంది, డబ్బాలో శనగలు వేసి ఊపినట్టు. ఒక్క గింజ శబ్దం విన్నా రెండు డిగ్రీలు తగ్గించి ముందుకెళ్లండి. ఈ చెవి కప్పులు పెట్టుకుని డైనో పక్కన మీరే నిలబడండి. ట్యూనర్ ఎంత పెద్దవాడైనా, అతను తెర చూస్తుంటాడు, మీరు వినాలి.

ట్రాక్ మీద మొదటి రోజు

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు. మొదటి మూడు ల్యాపులు బూస్ట్‌లోకి వెళ్లకుండా తిప్పండి. లాగ్ తీసి గాలి వేడి, కిలోపాస్కల్, లాంబ్డా మూడూ చూడండి. తర్వాత రెండు ల్యాపులు గట్టిగా, ఒక ల్యాప్ మెల్లగా. పిట్‌లోకి వచ్చాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, టర్బోలో ఆయిల్ మాడకుండా.

ఇంజన్ చల్లారాక నాలుగు ప్లగ్గులూ తీసి, వరుస తప్పకుండా ఒక గుడ్డ మీద పెట్టండి. భూతద్దంతో తెల్ల పింగాణీ మీద చూడండి. లేత గోధుమ రంగు మంచిది. సన్నటి ఆవగింజ కంటే చిన్నవి, వెండి రంగులో మెరిసే చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్‌లోంచి ఊడిన అల్యూమినియం. ఒక్క చుక్క ఉన్నా ఆ రోజు మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లకండి, బండిని ట్రైలర్ ఎక్కించి, ఆ సిలిండర్‌కు లీక్‌డౌన్ పెట్టాకే మ్యాపు తెరవండి.